పాత కఠారిని పరీక్షించుట

కర్నూలు, కడప జిల్లాలలో ఒకప్పుడు నడుమున దోపుకొన్న కఠారి హోదాకు గుర్తు. కడపలో మయానా నవాబులకు, కర్నూలులో పఠాను నవాబులకు, కొండకోటల పాలెగాండ్రకు అది పోరులో ఆయుధం, కొలువులో అలంకారం. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెట్టినాడని ఆరోపించి, ఆంగ్లేయులు 1839 అక్టోబరు 18న జోహరాపురం వద్ద పోరి, ఆ రాజ్యాన్ని కలుపుకొన్నారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చిన తరువాత కత్తి ధరించి తిరుగుటకు లైసెన్సు కావలసివచ్చినది. అటువంటి కఠారి ఏ పాత ఇంటి భోషాణంలోనైనా మిగిలి ఉంటే, అది ఆ కాలానికి సాక్షి.

అయితే దసరా ఆయుధపూజకు దానిని బయటికి తీసి, ఇటుకపొడితోను నిమ్మచెక్కతోను తళతళలాడేటట్లు తోమే వారున్నారు. భక్తి మెచ్చదగినదే. కాని ఆ తోముడులో సాక్ష్యం చెరిగిపోవుచున్నది. మెరుగు వేరు, మంచి స్థితి వేరు. శ్రోతలకు మేము మనవి చేయదలచిన ముఖ్యవిషయం ఇదే.

పరీక్షకు ముందు కఠారిని పగటి వెలుతురులో పొడి నూలుబట్టపై ఉంచవలెను. చెమటలోని ఉప్పు ఇనుమును తినును గనుక అలుగును ఒట్టి చేతితో తాకరాదు.

మొదట పిడి చూడవలెను. కఠారి పిడికి రెండు నిలువు కడ్డీలు, వాటి నడుమ అడ్డుపట్టీలు ఉండును. పిడికిలి బిగిస్తే అలుగు ముంజేతికి సూటిగా నిలుచును. కడ్డీలు అలుగుతో కలిసేచోట కదలిక ఉన్నదా? రివెట్ల తలలు చుట్టుపట్ల ఇనుముతో సమంగా రంగు తిరిగినవా? అక్కడ కొత్త మెరుపు కనబడితే అది తరువాతి మరమ్మతు కావచ్చును. పిడిమీది బంగారు పనిని కోఫ్త్‌గారీ అంటారు. ఇనుమును సన్నని గీట్లతో గరుకుచేసి, బంగారు తీగెను సుత్తితో అదిమి అతికించేవారు. బంగారం అరిగినచోట ఆ గీట్లు కనబడవలెను. కనబడకుంటే పైపూతయని అనుమానించవలెను. ఇటుకపొడికి మొదట బలియయ్యేది ఈ పలుచని బంగారమే.

తరువాత అలుగు. మూసలో కరిగించి చేసిన మన పాత ఉక్కు దేశాంతరాలలో ప్రసిద్ధి పొందినది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రానికి పారశీక వర్తకులు దానికొరకే వచ్చేవారు. అట్టి ఉక్కుపై నీటి అలలవంటి చారలుండును. గట్టిగా సానబట్టినచో అవి మాయమగును. అలుగు రెండు అంచులూ నడిమి వెన్నుకు సమదూరంలో ఉన్నవా అని చూడవలెను. ఒక వైపు తరిగి ఉంటే పలుమారులు నూరినారన్న మాట. కవచాన్ని ఛేదించుటకు పెక్కు కఠారుల మొనను దళసరిగా చేసేవారు. మొన పలుచగా, పొట్టిగా ఉంటే విరిగిన దానిని తిరిగి నూరి ఉండవచ్చును.

తుప్పు రెండు విధాలు. నల్లగానో ముదురు గోధుమరంగుగానో గట్టిగా అంటుకొని ఉన్నది శాంతించిన తుప్పు. దానిని కదపరాదు. తెల్లబట్టతో ఒత్తితే ఎర్రని పొడి అంటేది ఇంకను తినుచున్న తుప్పు. అక్కడ కుట్టుమిషను నూనె కొద్దిగా అద్దిన మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. గరుకు కాగితం, నిమ్మపులుసు పనికిరావు.

ఒర సంగతి వేరు. మన సీమ ఎండకు చెక్క బీటలు వారును, తోలు ముడుచుకొనును. అలుగు బిగుసుకొంటే బలవంతంగా లాగరాదు. అలుగు ఒరలో వదులుగా ఊగినా, చివరిదాకా దిగకపోయినా, ఆ ఒర మరొక కఠారిది కావచ్చును. వానకాలపు చెమ్మను తోలు పట్టియుంచును గనుక రెండింటిని విడివిడిగా, కాని ఒకే పెట్టెలో దాచుట మేలు.

నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దానిని విదేశాలకు పంపుటకు ప్రైవేటు వ్యక్తులకు హక్కు లేదు. ఇంట ఉంచుకొనుటకు లైసెన్సు అవసరమా అన్నది పోలీసు అధికారులనడిగి తెలుసుకొనవలెను. అమ్మకానికి ముందే నాలుగువైపుల ఫోటోలు తీయించి, కఠారి ఎవరినుండి ఎవరికి వచ్చినదో పెద్దలనడిగి వ్రాసి పెట్టుకొనుట మంచిది. ఆ కాగితం లేనిచో ఎంత మంచి కఠారియైనను ఊరూపేరూ లేని ఇనుమే.

ఇక దసరాకు పసుపుకుంకుమలు అలుగుకు కాక, దానిని ఉంచిన పీటకు పెట్టండి. పూజకు లోటు రాదు. కఠారియు మరికొన్ని తరాలు నిలుచును.