ట్రాక్టరుకు బ్యాటరీ మార్చేముందు



తొలకరి వాన పడింది. జానెడు లోతు నేల తడిసింది. తెల్లవారి గొర్రు కట్టాలని విత్తనం, ఎరువు సిద్ధం చేసుకున్నారు. తీరా తాళం తిప్పితే ట్రాక్టరు ‘టిక్కు’మన్నది గాని ఇంజను లేవలేదు. అప్పుడేం చేస్తాం? నలుగురిని పిలిచి తోయిస్తాం. కాకపోతే టౌనుకు పరుగెత్తి దుకాణంలో ఏ బ్యాటరీ ఉంటే అదే, చెప్పిన ధరకే, తెచ్చి బిగిస్తాం. పదును ఆరిపోతుందేమోనన్న ఆదుర్దాలో మంచిచెడ్డలు చూసే తీరిక ఎక్కడిది?

అందుకే, పని తొందర లేని రోజున నిదానంగా ఆలోచించవలసిన సంగతి ఇది. ట్రాక్టరుకు ఎక్కువకాలం మన్నే బ్యాటరీని ఎలా ఎంచుకోవాలి అనేదే ఈనాటి విషయం. ముందుగా ఒక్క మాట మనవి చేస్తాను. కొత్త బ్యాటరీ కొనేముందు పాతది ఎందుకు చచ్చిందో తెలుసుకోవాలి. అది తెలియకుండా ఎంత ఖరీదైన బ్యాటరీ తెచ్చినా పాతది పోయిన దారినే పోతుంది.

నా పరిధిలోని ఒక మెట్ట గ్రామంలో ఒక రైతు నాలుగేళ్ళలో మూడు బ్యాటరీలు మార్చాడు. “ఈ కంపెనీలన్నీ దొంగవేనండీ!” అని నా దగ్గర వాపోయాడు. ఆయన ట్రాక్టరు దగ్గరకు వెళ్ళి బ్యాటరీ మీద చెయ్యి వేసి కదిపాను. ఊయలలా ఊగింది. బిగించే పట్టీ ఏనాడో తెగిపోతే దాని బదులు సైకిలు ట్యూబు ముక్క కట్టాడు. దమ్ము చేసిన తరువాత కేజ్‌వీల్సు విప్పకుండా కంకర రోడ్డు మీద మైళ్ళ కొద్దీ నడిపేవాడు. ఆ అదురుకు బ్యాటరీలోని పలకల మీది మందు రాలి, అడుగున పేరుకొని, మూడు బ్యాటరీలనూ చంపింది. తప్పు కంపెనీది కాదు, పట్టీది.

ఇది అర్థం కావాలంటే బ్యాటరీ లోపల ఏముందో కాస్త తెలియాలి. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే మొదటిసారిగా సీసపు పలకలనూ, గంధకామ్లాన్నీ ఉపయోగించి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల బ్యాటరీని తయారుచేశాడు. నేడు మన ట్రాక్టర్లలో ఉండేదీ ఆ జాతిదే. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు అరలు, అనగా సెల్లులు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు రెండు వోల్టులు ఇస్తుంది. సీసపు జల్లెడ వంటి పలకల మీద మెత్తని మందు మెత్తి, వాటిని నీరు కలిపిన గంధకామ్లంలో ముంచి ఉంచుతారు. ఆ మందు పలకను అంటిపెట్టుకొని ఉన్నంతకాలమే బ్యాటరీకి ఆయుష్షు.

దీనికి శత్రువులు నాలుగు. ఒకటి అదురు. రెండు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీల సెంటిగ్రేడు పెరిగితే లోపల జరిగే రసాయనిక చర్య ఇంచుమించు రెట్టింపవుతుంది గనుక మన ఎండలకు బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. మూడు, ఛార్జి తగ్గిన స్థితిలో వారాల తరబడి పడి ఉండటం. అప్పుడు పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిగా పేరుకుపోయి తిరిగి కరగదు. నాలుగు, నీరు తగ్గి పలకలు బయటపడటం.

ఇక పాత బ్యాటరీ నిజంగా చచ్చిందా, లేక మూర్ఛపోయిందా అనేది పరీక్షించాలి. మొదట టెర్మినళ్ళు చూడండి. తెల్లగా, పచ్చగా ఉప్పులాగా పేరుకొని ఉంటే విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి మళ్ళీ బిగించండి. ఒక్కొక్కసారి జబ్బంతా అంతే. ఎర్త్ వైరు చాసిస్‌కు తగిలేచోట తుప్పుంటే దాన్నీ గీకి శుభ్రం చేయాలి.

తరువాత వోల్టుమీటరు పెట్టి చూడాలి. ట్రాక్టరును రాత్రంతా ఆపి ఉంచి ఉదయం చూస్తే, నిండు ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు గాని, కాస్త ఎక్కువ గాని చూపుతుంది. 12.2 ఉంటే సగం ఛార్జి. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఖాళీ అయినంత మాత్రాన చచ్చినట్టు కాదు. బయట ఛార్జి పెట్టించి మళ్ళీ చూడాలి. 75 ఆంపియర్ అవర్ బ్యాటరీకి సుమారు 7 ఆంపియర్ల చొప్పున, అంటే పదోవంతు కరెంటుతో నిదానంగా ఛార్జి పెట్టమనండి. నిండాక హైడ్రోమీటరుతో ఆరు అరల్లోనూ ఆమ్లం సాంద్రత చూడాలి. బ్యాటరీ రకాన్ని బట్టి అది 1.240 నుండి 1.280 వరకు ఉండవచ్చు. ముఖ్యంగా గమనించవలసిందేమిటంటే, ఆరు అరలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. అయిదు అరలు 1.250 చూపి ఒక్కటి 1.190 చూపిందనుకోండి, ఆ అర చెడింది. ఇక మార్చక తప్పదు.

చివరగా ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. సాధారణంగా 13.8కి, 14.4కి మధ్య ఉండాలి. ఇంజను నడుస్తున్నా 12.5 దగ్గరే ఉంటే ఆల్టర్నేటరు గాని, దాని బెల్టు గాని, వైరింగు గాని చెడిందన్నమాట. 15 దాటితే అతిగా ఛార్జి అవుతూ నీరు ఉడికిపోతున్నది. ఈ లోపం సరిచేయకుండా కొత్త బ్యాటరీ పెట్టడం, చిల్లి కుండలో నీళ్ళు పోయడం ఒకటే.

పరీక్షలన్నీ అయ్యాక కొత్తది కొనవలసిందేనని తేలిందనుకుందాం. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తాం, నడిపించి చూస్తాం గదా! బ్యాటరీకి కూడా చూడవలసిన లక్షణాలున్నాయి.

మొదటిది, సత్తువ. మీ ట్రాక్టరు పుస్తకంలో ఎన్ని ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలో రాసి ఉంటుంది. మన వైపు వాడే మధ్యరకం ట్రాక్టర్లకు ఎక్కువగా 75, 80, 88 ఆంపియర్ అవర్లవి వస్తాయి. పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువది ఎన్నడూ పెట్టవద్దు. పెట్టెలో పట్టేటట్లయితే కొంచెం ఎక్కువది పెట్టుకోవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకొని వెళ్ళండి. ప్లస్సు టెర్మినలు కుడివైపుందా, ఎడమవైపుందా అన్నది కూడా రాసుకోండి. అటుదిటైతే కేబుళ్ళు అందవు. లాగి బిగిస్తే తెగుతాయి.

రెండవది, రకం. “కారు బ్యాటరీ చవకగా వస్తోంది, పెట్టవచ్చునా?” అని అడుగుతుంటారు. కారు తారురోడ్డు మీద నడిచేది, ట్రాక్టరు గట్ల మీదా దుక్కుల్లోనూ ఎగిరేది. ట్రాక్టర్లకనీ, అధిక అదురుకనీ తయారైన మంచి బ్యాటరీల్లో పలకలను అడుగున కదలకుండా అతికించి, మందు రాలకుండా గాజునూలు పొరలు పెడతారు. ట్రాక్టరుకు తగినదేనా అని అడిగి, కాగితం మీద చూపించమనండి. ఇన్వర్టరు బ్యాటరీ అసలే పనికిరాదు. అది కొద్ది కరెంటును గంటల తరబడి ఇవ్వడానికి తయారైంది. స్టార్టరుకు కావలసింది కొద్ది సెకన్లలో వందల ఆంపియర్లు.

మూడవది, నీరు పోసేదా, పోయనక్కర లేనిదా? నీరు పోసే రకాన్ని పదిహేను రోజులకొకసారి చూసుకోవాలి. కాని మూత తీసి ప్రతి అరనూ పరీక్షించవచ్చు. నీరు పోయనక్కర లేని రకంలో నీటి ఖర్చు తక్కువ, ఊరికే ఉన్నప్పుడు ఛార్జి తగ్గడం కూడా తక్కువ. అయితే ఆల్టర్నేటరు అతిగా ఛార్జి చేస్తే లోపల ఆరిన నీటిని తిరిగి పోసే దారి ఉండదు. శ్రద్ధగా చూసుకునే చెయ్యి ఇంట్లో ఉంటే మొదటిది, లేకపోతే రెండవది తీసుకోండి.

నాలుగవది, వయస్సు. దుకాణంలో ఏడాదిగా కూర్చున్న బ్యాటరీ అమ్మకముందే కొంత ముసలిదైపోతుంది. తయారైన నెల, సంవత్సరం సంకేత రూపంలో దాని మీద ఉంటాయి. “ఇది ఏ నెలది?” అని అడిగి చదివించుకోండి. మూడు నెలల లోపుదైతే మేలు. వోల్టుమీటరు పెట్టించి 12.5కు తగ్గకుండా ఉన్నదే తీసుకోండి. ఆమ్లం పోయకుండా పొడిగా వచ్చే రకమైతే, ఆమ్లం పోసిన వెంటనే హడావుడిగా బిగించకుండా పలకలు నానేదాకా ఆగి, మొదటి ఛార్జి పూర్తిగా పెట్టించాలి.

అయిదవది, బరువు. “మాది పదిహేను ప్లేట్లది, వాళ్ళది పదమూడే” అని అమ్మేవాళ్ళు చెబుతారు. ప్లేట్ల లెక్క ఒక్కటే చాలదు. పలుచని ప్లేట్లు ఎక్కువ పెట్టినా లెక్క పెరుగుతుంది గదా! ఒకే ఆంపియర్ అవర్లున్న రెండింటినీ కాటా వేయించి చూడండి. సాధారణంగా సీసం ఎక్కువున్నదే బరువు తూగుతుంది.

ఆరవది, గ్యారంటీ. ఎన్ని నెలలవరకు ఉచితంగా మారుస్తారు, ఆ తరువాత ఎన్ని నెలలు ధరలో కొంత తగ్గిస్తారు అనేవి విడివిడిగా అడగండి. ట్రాక్టరుకు వాడితే ఆ గ్యారంటీ చెల్లుతుందా అనేదీ అడగండి. కార్డు మీద తేదీ, ముద్ర, నంబరు వేయించుకొని, బిల్లుతో కలిపి ట్రాక్టరు కాగితాల్లో దాచండి.

బిగించేటప్పుడు ఒక క్రమం ఉంది. విప్పేటప్పుడు మైనసు తీగ మొదట తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. అలా చేస్తే పానా పొరపాటున ఇనుముకు తగిలినా నిప్పురవ్వ రాదు. ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి ఉదజని వాయువు వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళుంటే చాలు, రవ్వ తగిలితే అంటుకొని బ్యాటరీ పేలుతుంది. కాబట్టి దగ్గర బీడీ వెలిగించవద్దు, అగ్గిపుల్ల గీసి నీటిమట్టం చూడవద్దు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే మంచినీటితో కనీసం పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. అడుగున రబ్బరు చాప పరచి, పట్టీని కదలకుండా బిగించండి. పెట్టె పగిలేటంతగా మాత్రం బిగించవద్దు. టెర్మినళ్ళకు వేజలీను రాయండి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ బలహీనపడినప్పుడు కొందరు కింద నిలబడి, స్క్రూడ్రైవరుతో స్టార్టరు కొనలు రెండూ కలిపి ఇంజను లేపుతారు. అలా చేస్తే, గేరులో ఉన్నప్పుడు స్టార్టు కాకుండా అడ్డుకునే రక్షణ స్విచ్చి పనిచేయదు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు ఇలాగే చేశాడు. ట్రాక్టరు గేరులో ఉంది. లేచీ లేవగానే ముందుకు దూకింది. వెనక చక్రం అతని తొడ మీదుగా పోయింది. ప్రాణం దక్కింది గాని ఆ కాలు మునుపటిలా లేదు. ఆ ఇంటివారు మంచి బ్యాటరీ కొనడం “ఈ పంట అమ్మాక చూద్దాం” అని వాయిదా వేసుకున్నారు. ఆ మాట తలచుకొని ఆ తండ్రి ఇప్పటికీ కంటతడి పెడతాడు. అయ్యా, ఇంజనును సీటు మీద కూర్చొని, గేరు న్యూట్రలులో పెట్టి, తాళంతోనే లేపండి. మరోలా లేపబోవద్దు.

కొన్న తరువాత కాపాడుకోవడం మన చేతిలో ఉంది. పోసే నీరు డిస్టిల్డు వాటరే కావాలి. బావినీటిలోని లవణాలు, ఇనుము పలకలను తినేస్తాయి. మట్టం తగ్గితే ఆమ్లం పోయవద్దు. ఆరిపోయేది నీరేగాని ఆమ్లం కాదు. ఇంజను ఆపి దీపాలు, పాటల పెట్టె పెట్టుకోవద్దు. 55 వాట్ల దీపాలు రెండు వెలిగితే సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. నాలుగు గంటలు కల్లంలో అలా ఉంచితే 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ. ట్రాక్టరు నెలల తరబడి నిలిపే కాలంలో మైనసు తీగ విప్పి, నెలకొకసారి వోల్టేజి చూడండి. 12.4 కంటే తగ్గితే ఛార్జి పెట్టించండి. వేసవిలో మరచిపోయిన బ్యాటరీయే తొలకరినాడు పగ తీర్చుకుంటుంది.

పాత బ్యాటరీని పెరట్లో పడవేయవద్దు, ఆమ్లం కాలువలో పారబోయవద్దు. సీసం విషం. పసిపిల్లల మెదడుకు మరీ చేటు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి శుద్ధికి పంపించే బాధ్యత తయారీదార్లది. పాతది దుకాణంలో ఇచ్చి, దాని విలువ కొత్తదానిలో తగ్గించమని అడగండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మే నెలలో గ్రామ సభ పెట్టినప్పుడు ఒక వోల్టుమీటరు, ఒక హైడ్రోమీటరు వెంట తీసుకువెళ్ళండి. పది ట్రాక్టర్ల బ్యాటరీలు రైతుల ఎదుటే పరీక్షించండి. పది ఉపన్యాసాల కంటే ఆ ఒక్క పని ఎక్కువ మేలు చేస్తుంది.

నేను మొదట చెప్పిన మెట్ట గ్రామపు రైతు కొత్త పట్టీ, రబ్బరు చాప వేయించి, ట్రాక్టరుకు తగిన బ్యాటరీ నాలుగోది కొన్నాడు. రోడ్డెక్కేముందు కేజ్‌వీల్సు విప్పుతున్నాడు. ఆ బ్యాటరీ ఇప్పటికి మూడు తొలకరులు చూసింది. మీరు కూడా ఈ సాయంత్రం ట్రాక్టరు దగ్గరకు వెళ్ళి, బ్యాటరీ మీద చెయ్యి వేసి ఒక్కసారి కదిపి చూడండి. కదిలిందా, పని అక్కడే మొదలుపెట్టండి.