ధర దిగిన బ్యాంకు వాటాలు: డివిడెండు వచ్చే దారి ఏది?

మిర్చి ధర దిగినప్పుడు కొని కోల్డు స్టోరేజీలో నిలవ పెట్టే వర్తకుడు ముందుగా సరుకులో తేమ, తాలు ఎంత ఉన్నదీ చూస్తాడు. డివిడెండు కోసం దెబ్బతిన్న బ్యాంకు వాటాలు కొనేవారికీ ఆ పరీక్ష అవసరం. ఇక్కడ తాలు అంటే మొండి బాకీలు.

స్టేట్ బ్యాంకు 2017-18లో సుమారు 6,547 కోట్ల రూపాయల నష్టం చూపింది. ఆ ఏడాదికీ, మరుసటి ఏడాదికీ డివిడెండు లేదు. 2019-20 లాభాల నుంచి ఏ బ్యాంకూ డివిడెండు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2020 మే నెలలో స్టేట్ బ్యాంకు వాటా 150 రూపాయల దాపులకు దిగింది. 2020-21కి వాటాకు 4 రూపాయలు, 2023-24కి 13.70 రూపాయలు డివిడెండు వచ్చింది. 150కి కొన్నవారికి ఇది పెట్టుబడిపై 9 శాతం పైమాటే.

అదే 2020లో లక్ష్మీ విలాస్ బ్యాంకు వాటాలూ చౌకగానే దొరికాయి. నవంబరులో ఆ బ్యాంకును డి.బి.ఎస్. బ్యాంకు ఇండియాలో విలీనం చేసినప్పుడు వాటా మూలధనం మొత్తం రద్దయింది. డిపాజిట్‌దారుల సొమ్ముకు ఢోకా రాలేదు. వాటాదారులకు పైసా దక్కలేదు.

కనుక ధరకన్నా ముందు నికర మొండి బాకీల శాతం, వాటికి చేసిన కేటాయింపులు, మూలధన నిష్పత్తి చూడాలి. మూలధనం చాలని బ్యాంకు లాభం వచ్చినా దాన్ని లోపలే ఉంచుకోవలసి వస్తుంది. డివిడెండు లేని ఏళ్లు రెండు మూడు రావచ్చు. సీజను పెట్టుబడిని, వడ్డీకి తెచ్చిన సొమ్మును ఇందులో పెట్టరాదు.