పాత మోటోక్రాస్ బండికి మరల ప్రాణము పోయుట

జావా, ఎజ్డీ యను మోటారు సైకిళ్ల పేర్లు వినని వారు మన విద్యార్థుల తండ్రులలో అరుదు. మైసూరు నందలి కర్మాగారము 1961 మొదలు 1996 వఱకు వానిని నిర్మించెను. రెండు సైలెన్సర్లు, నీలిపొగ, వీధి మలుపునకు రాకముందే గుర్తుపట్టదగిన ధ్వని ఆ బండ్ల లక్షణములు. ఆ విద్య మైసూరునకు చెకోస్లొవేకియా దేశమునుండి వచ్చెను. ఆ దేశముననే స్ట్రాకొనిట్సే పట్టణములో సి.జెడ్. అను కర్మాగారము జావాకు తోబుట్టువు వలె నుండి, బురదలోను గుట్టలమీదను పరుగెత్తు పందెపు బండ్లను చేయుచుండెను. అట్టి పాత బండ్లను విప్పి బాగుచేసి మరల పందెములలో దింపుట నేడు ఐరోపాలోను అమెరికాలోను ఎందఱికో ప్రీతికరమైన పని. అది యెట్లు జరుగునో, టూ-స్ట్రోక్ ఇంజను పాఠము చదువుచున్న మన బాలబాలికల కొఱకు ఇచట వివరింప నెంచితిమి.

1964లో బెల్జియము దేశస్థుడు జోయెల్ రోబేర్ ఇరువదేండ్ల ప్రాయమున సి.జెడ్. బండిపై 250 సి.సి. మోటోక్రాస్ తరగతిలో ప్రపంచ విజేత యయ్యెను. 500 సి.సి. తరగతి అప్పటికి బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్ల సొత్తుగా నుండెను. 1966లో తూర్పు జర్మనీకి చెందిన పౌల్ ఫ్రీడ్రిక్స్ సి.జెడ్. టూ-స్ట్రోక్‌పై దానిని గెలిచి, తరువాతి రెండేండ్లును నిలుపుకొనెను. పొగబండి యని చులకనగా చూడబడిన యంత్రము ఆ విధముగా పెద్దల పంక్తిలో కూర్చుండెను.

ఒక చిన్న లెక్క. మైసూరు జావా 250లో సిలిండరు వ్యాసము 65 మి.మీ., పిస్టను నడక 75 మి.మీ. 1960ల చివరినాటి సి.జెడ్. 250 పందెపు బండిలో వ్యాసము 70, నడక 64. రెండింటి ఘనపరిమాణము దాదాపు సమానమే. విద్యార్థులు స్వయముగా గుణించి చూడవచ్చును. కాని నడక తక్కువ గనుక రెండవది నిమిషమునకు ఎక్కువ చుట్లు తిరుగగలదు. ఒకటి ఊరికి పోవుటకు, మఱియొకటి పందెమునకు.

అమెరికాలోని పాత బండ్ల పందెముల సంఘము ఈ తరగతి బండ్లకు ముందు చక్రము కదలిక 7 అంగుళములు, వెనుక చక్రము కదలిక 4 అంగుళములు మించరాదని నియమము పెట్టినది. కావున పాత బండి పాత బండితోనే పోటీపడును. అయినను గుట్ట గుట్టయే, ఎగురుట ఎగురుటయే. ప్రదర్శనశాలలో నిలుపదలచిన బండికి రంగు వేసినచో చాలును. పందెమున దిగు బండిపై ఒక రౌతు కూర్చుండును. పెట్టె తెఱవక ముందే టాంకీకి మెఱుగు పెట్టువారిని చూచునపుడు మాకు ‘పైన పటారము, లోన లొటారము’ అను సామెత జ్ఞప్తికి వచ్చును.

కారణము తెలియవలెనన్న ఇంజను స్వభావము నెఱుగవలెను. కమ్మరి కొలిమి తిత్తిని తలచుకొనుడు. టూ-స్ట్రోక్‌లో పిస్టను క్రింది గది, అనగా క్రాంకుకేసు, అట్టి తిత్తియే. పిస్టను పైకి పోవునపుడు గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన మిశ్రమము ఆ గదిలోనికి పీల్చబడును; క్రిందికి దిగునపుడు నొక్కబడి ప్రక్క ద్వారములగుండ సిలిండరులోనికి ఎక్కును. తిత్తికి చిల్లు పడినచో కమ్మరికి నిప్పు మండదు. ఇచట జరుగునది అందుకు విరుద్ధము. నిప్పు మితిమీరి మండును. ఏలయన చిల్లుగుండ వచ్చిన గాలికి తగిన పెట్రోలు కార్బురేటరునుండి రాదు. పెట్రోలు తక్కువైన మిశ్రమము ఇంజనును మిక్కిలి వేడెక్కించును. పెట్రోలుతో పాటు వచ్చు ఆయిలును తగ్గును. పిస్టను ఉబ్బి సిలిండరును కఱచుకొనును. మన మెకానికులు ‘ఇంజను సీజయినది’ అందురు. ఆ క్షణమున వెనుక చక్రము బిగిసిపోవును. ఇతర బండ్లు వెన్నంటి వచ్చుచుండగా ఇది జరిగినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. అనుభవము గల రౌతులు ఎడమచేతి వ్రేలిని ఎల్లప్పుడు క్లచ్చి పిడిమీద నుంచుటకు ఇదియే హేతువు.

ఆ చిల్లు తఱచుగా ఏర్పడు తావు క్రాంకు ఇరుసు చివరలందలి రబ్బరు సీళ్లు. ఇరువది రూపాయలదో రెండువందల రూపాయలదో, ధర యెంతయైనను చూపునకు లెక్కింపదగని వస్తువు. ఏండ్ల తరబడి కొట్టములో పడియున్న బండిలో రబ్బరు ఎండి కొమ్మువలె గట్టిపడును. ఒక ప్రక్క సీలు పాడైనచో బయటి గాలి చొరబడును. గేర్ల ప్రక్కది పాడైనచో గేరుపెట్టె ఆయిలు పీల్చబడి దట్టమైన తెల్లపొగ వచ్చును. ఈ రెండవ దోషము పొగచే తన్ను తాను చాటుకొనును గనుక కొంత మేలు; మొదటిది మౌనముగా నుండును.

కావున నేర్పరులు ఇంజనును బిగించిన పిమ్మట ఒక పరీక్ష చేయుదురు. గాలి లోనికి వచ్చు ద్వారమును, పొగ పోవు ద్వారమును మూసి, చేతిపంపుతో చదరపు అంగుళమునకు సుమారు 6 పౌనుల ఒత్తిడి ఎక్కింతురు. అయిదారు నిమిషములు ముల్లు కదలకుండవలెను. దిగినచో సబ్బునీరు పూసి బుడగ లెచట లేచునో చూతురు. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి చూచు మన పంచరు అంగడివాని పద్ధతికిని దీనికిని భేదము లేదు.

క్రాంకు విషయము మఱింత శ్రమతో కూడినది. దాని రెండు చక్రములను, నడిమి పిన్నును ప్రెస్సుతో నొక్కి కూర్చుదురు, మరలు ఉండవు. తేమ తగిలి పిన్నుపైన పుట్టిన చిన్న గుంటలే తరువాత బేరింగును తినివేయును. విప్పి, క్రొత్త కనెక్టింగు రాడ్డును బేరింగును వేసి, మరల నొక్కి, లేతు కేంద్రముల నడుమ త్రిప్పి, ఇరుసు వంకర మి.మీ.లో నూఱవ వంతులు రెండు మూడు మించకుండ సుత్తితో సరిచేయుదురు. ఎజ్డీలను బాగుచేసిన మన మెకానికుల చేతులకు ఈ పని క్రొత్త కాదు.

సిలిండరు అరిగినచో బోరు చేయించి పెద్ద పిస్టను వేయవలెను. పిస్టనుకును గోడకును నడుమ సందు ఇంచుమించు ఒక వెండ్రుక మందము. బోరు చేసిన పిదప ద్వారముల అంచులు కత్తివలె పదునుగా నుండును. వానిని నునుపుగా వాల్చుట మఱచినచో రింగు తగిలి విఱుగును.

ఆయిలును గూర్చి ఒక అపోహ కలదు. ఎక్కువ పోసిన అంత క్షేమమని పలువురు తలంతురు. పెట్రోలులో ఆయిలు పాలు పెరిగిన కొలది, కార్బురేటరు రంధ్రమున పోవు పెట్రోలు పాలు తగ్గునని గమనింపరు. ఆయిలు పాలు మార్చినపుడు జెట్టును మరల సరిచూడవలెను. పూర్వము పందెములలో ఆముదముతో చేసిన ఆయిలును వాడుచుండిరి. మన పాలమూరు, నల్లగొండ చేలలో పండు ఆముదమే. అది వేడికి బాగుగా తాళును గాని, బండి నిలిచియున్నచో బంకవలె పేరుకొనును. నేటి కృత్రిమ ఆయిలు ఆ కష్టమును తీర్చినది. నేటి పెట్రోలు మాత్రము మఱియొక కష్టము తెచ్చినది: అందు కలిపిన ఎథనాలు నీటిని పీల్చును, పాత రబ్బరును చెఱచును. పందెము కాగానే టాంకీని ఖాళీ చేయుట మంచిది.

చట్రమునకు రంగు పలుచగా వేయవలెనని మా యభిప్రాయము. మందమైన పూత చూపునకు ఇంపుగా నుండును గాని, హాండిలు మెడవద్దను, కాలిపెడళ్ల వద్దను పుట్టు పగులును కప్పివేయును. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుట కద్దు. ఆ దుమ్మును గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, మూటగట్టి పాఱవేయవలెను. వర్కుషాపులో పనిచేయు బాలురు దీనిని ముఖ్యముగా గమనింతురు గాక.

అంతయు కూర్చిన తరువాత ఇంజనును నడిపి, చల్లార్చి, మరల నడిపి, చల్లబడినపుడు తలమీది నట్లను బిగించి చూతురు. పిమ్మట కొంతదూరము వేగముగా నడిపి, ఒక్కసారిగా ఆపి, ప్లగ్గు విప్పి చూతురు. తెల్లగా నున్నచో పెట్రోలు చాలలేదు. నల్లగా తడిగా నున్నచో ఎక్కువైనది. కాఫీపొడి రంగైనచో తగినట్లున్నది. దీర్ఘమైన పల్లమున థ్రాటిలును పూర్తిగా మూసి దిగరాదు, ఏలయన పెట్రోలు ఆగినచో ఆయిలును ఆగును. నడుమ నడుమ కొంచెము తెఱచుచుండవలెను. మొదటి పందెము ముగిసిన పిదప సిలిండరును పైకి తీసి పిస్టను ప్రక్కలను వెలుతురులో పరిశీలింతురు. గీతలు లేనిచో క్రొత్త గాస్కెటు వేసి, ఆ పిస్టనునే మరల బిగింతురు.