వేడెక్కు ల్యాప్‌టాపు: వెలపెట్టుటకు ముందు వెదుకవలసినది

రెంటచింతలలోను, రామగుండములోను, కొత్తగూడెములోను మే మాసమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుట యేటేట వినుచున్న వార్తయే. గదిలోపల నీడపట్టునసైతము గాలి 38, 40 డిగ్రీలకు తగ్గని యా దినములలో, ల్యాప్‌టాపు ఫ్యాను ఎడతెగక రొదచేయుటయు, కీబోర్డు కాలుచుండుటయు, చలికాలమున చురుకుగా నడచిన యంత్రమే ఒక యక్షరమును కొట్టిన కొంతసేపటికి గాని దానిని తెరపై చూపకుండుటయు పెక్కు గృహములలో కనవచ్చును. ఈ యంత్రములలో అనేకములకు తయారుచేసినవారు విధించిన పరిసరోష్ణపు హద్దు 35 డిగ్రీలు మాత్రమే. అనగా మన వేసవి మధ్యాహ్నములయందు, ఎట్టి పనియు చెప్పకముందే, ఆ యంత్రము తన హద్దును మించిన గాలిలో నున్నదన్నమాట.

ఇట్టి సమయమున యజమానికి తోచు మొదటి యాలోచన, యంత్రము ప్రాతబడినదనియే. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకో, తన యూరి కంప్యూటరు దుకాణమునకో పోయి, ర్యామ్ పెంచుమని యడిగి, కొన్నివేల రూపాయలు వెచ్చించి యింటికి వచ్చి, మరునాటి మధ్యాహ్నము మరల అదే రొదను, అదే మందగమనమును చూచి విస్తుపోవువారు కలరు. దుకాణదారు మోసగింపలేదు; కొన్న వస్తువు మంచిదే; కాని వేడిమి వెలికిపోవు త్రోవలో నున్న యడ్డంకి యట్లే నిలిచియున్నది. ఆ త్రోవ యెక్కడ మూసికొనిపోయినదో తెలిసికొనిన పిదపనే క్రొత్త భాగముల మాట తలపెట్టవలెనని నేను గట్టిగా నమ్ముదును. ఏలయన, తెలిసికొనుటకు వ్యయమేమియు లేదు, చక్కబఱచుటకగు వ్యయమును క్రొత్త భాగముల వెలతో పోల్చినచో స్వల్పమే.

ల్యాప్‌టాపు గ్రహించిన విద్యుచ్ఛక్తిలో లెక్కల రూపమున నిలిచిపోవునది ఏమియు లేదు. దాదాపు సర్వమును తుదకు వేడిమిగా మాఱి బయటికి పోవలసినదే. ప్రాసెసరు వ్యయించు శక్తి, దాని వేగమును మాత్రమే గాక, దానికందించు వోల్టేజి యొక్క వర్గమును గూడ ననుసరించి పెరుగును గావున, వోల్టేజిని నూటికి 10 వంతులు తగ్గించినచో, వేగము మాఱకున్నను, ఆ వ్యయము నూటికి 19 వంతులు తగ్గును. దీనికి విపర్యయముగా, టర్బో యను పేర ప్రాసెసరు తన సహజవేగమును మించి పరుగెత్తినపుడు, తుదిమెట్లలోని స్వల్పమైన వేగవృద్ధి కొఱకు వోల్టేజి మిక్కిలిగా పెరుగవలసివచ్చి, ఫలమున కనురూపము గాని వేడిమి పుట్టును.

ఆ వేడిమి పుట్టుచోటు వ్రేలిగోరుకంటె కొంచెము పెద్దదైన సిలికాను బిళ్ల. దానిపై పలుచని థర్మల్ పేస్టు పూత, ఆపై రాగిరేకు, రాగిరేకు నంటి సాగు హీట్ పైపు, హీట్ పైపు చివర దువ్వెనపండ్లవలె దట్టముగా నమర్చిన లోహపు రెక్కలు, ఆ రెక్కల గుండ గాలి నూదు ఫ్యాను: ఇదియే త్రోవ యంతయు. వీనిలో హీట్ పైపు మిక్కిలి యుచితమైన కల్పన. గాలిని తొలగించి, గోడలకు లోపల సన్నని రంధ్రముల పొరను పఱచి, కొన్ని చుక్కల నీరు మాత్రము పోసి మూసిన రాగిగొట్ట మది. లోపల పీడనము తక్కువగుటచే నీరు స్వల్పోష్ణముననే యావిరియై వేడిమిని గైకొని చల్లని కొసకు పరుగెత్తి, ఇడ్లీ పాత్ర మూత లోపలివైపున ఆవిరి చుక్కలు కట్టినట్లు అచట మరల నీరై, ఆ సూక్ష్మరంధ్రముల వెంట వెనుకకు వచ్చి చేరును. కదలెడి భాగ మొక్కటియు లేదు. అయినను అదే లావు గల గట్టి రాగికడ్డీకంటె పెక్కురెట్లు వేడిమిని ఇది మోయగలదు. రిచర్డ్ గాగ్లరు అను నమెరికా యింజనీరు 1944లో నిట్టి యమరికకు పేటెంటు పొందెను. 1963లో లాస్ అలమోస్ పరిశోధనశాలయందు జార్జి గ్రోవరు అంతరిక్షయానమునకు సంబంధించిన శక్తియంత్రములను గూర్చి కృషిచేయుచు దానిని స్వతంత్రముగా మరల కల్పించి ఆ పేరు పెట్టెను. నేడది మన ఒడిలోనికి వచ్చి కూర్చున్నది.

పేస్టును గూర్చి ఒక మాట. నునుపుగా కనబడు రెండు లోహతలములు కలిసినచోట సూక్ష్మమైన గుంతలు మిగిలి వానిలో గాలి నిలుచును. గాలి వేడిమిని మిగుల మందముగా ప్రసరింపజేయును. పేస్టు గాలికంటె నూరురెట్లకు మించి మేలైనదైనను, రాగికంటె మిక్కిలి తక్కువది గావున, గుంతలు నిండునంతవఱకే గాని దళసరిగా పూయుట హానికరము. సంవత్సరముల తరబడి వేడెక్కి చల్లాఱుటచే ఇది యెండిపోవుటయో, అంచులకు జరిగిపోవుటయో సంభవించును.

అదే పనికి, అదే ఫ్యాను వేగమునకు, ప్రాసెసరు వేడిమికిని గదిగాలి వేడిమికిని గల భేదము ఇంచుమించు స్థిరము. కావున 25 డిగ్రీల గదిలో 80 చూపిన యంత్రము 40 డిగ్రీల గదిలో 95 చూపును. నేటి ప్రాసెసరులలో పెక్కులకు 100 డిగ్రీల ప్రాంతమున హద్దు కలదు; దానిని సమీపించినంతనే తన్ను తాను కాపాడుకొనుటకు అది వేగమును తగ్గించుకొనును. సాంకేతికులు థ్రాటిలింగు అనునదియు, మనము ముసలితనమని భ్రమపడునదియు ఇదియే. వెల యెక్కువ పెట్టినంతమాత్రమున దీనినుండి తప్పించుకొనలేము. 2018 జూలైలో వెలువడిన 15 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోలో, అత్యధికమైన వెల గల ఐ9 ప్రాసెసరు నిరంతరభారము క్రింద తన మూలవేగమునకు సైతము దిగువకు జారుచున్నదని పరీక్షించినవారు చూపగా, యాపిల్ సంస్థ అదే నెల 24వ తేదీన ఉష్ణనియంత్రణపు ఫర్మ్‌వేరులో లోపమున్నదని యంగీకరించి, దానిని సవరించు అప్‌డేటును విడుదల చేయవలసివచ్చినది.

మందగమనము తాత్కాలికము, వేడెక్కుట చల్లాఱుటల పునరావృత్తి వలన టంకపు అతుకులకు కలుగు అలసట శాశ్వతము. 2008లో ఎన్‌విడియా సంస్థ తన ల్యాప్‌టాపు గ్రాఫిక్సు చిప్పులలో కొన్నింటి కూర్పునందు వాడిన పదార్థము బలహీనమై చెడిపోవుచున్నవని ప్రకటించి, మరమ్మతులకును మార్పిళ్లకును 15 కోట్లు మొదలు 20 కోట్ల డాలర్ల వఱకు వేఱుగా నుంచినది.

ఇక పరీక్ష. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి యుచితమైన సాఫ్ట్‌వేరులు ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూపును. పనియేమియు లేనప్పుడు 40 మొదలు 55 డిగ్రీల వఱకును, బరువైన పనిలో 80, 90 డిగ్రీలును మన దేశమున అసాధారణములు గావు. మొదట, అన్నిటిని మూసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కూడ నొక్కి టాస్క్ మేనేజరును తెరచి, ప్రాసెసరు ఏమి చేయుచున్నదో చూడవలెను. ఎవరును పని చెప్పకున్నను నూటికి ముప్పది, నలుబది వంతులు వాడబడుచున్నచో, అది విండోసు అప్‌డేటో, యాంటీవైరసు తనిఖీయో, మూయ మఱచిన బ్రౌజరు ట్యాబుల గుంపో, లేక రహస్యముగా క్రిప్టో నాణెములను త్రవ్వు దొంగ సాఫ్ట్‌వేరో కావచ్చును. అప్పుడు స్క్రూడ్రైవరుతో పనియే లేదు.

అది కానిచో, బరువైన పని యొకటి నడుపుచు, గాలి వెడలు చోట అరచేయి నుంచి చూడుడు. ఫ్యాను గట్టిగా రొదచేయుచున్నను గాలి సన్నగా వచ్చుచున్నచో రెక్కల నడుమ ధూళి పేరుకొన్నది. గాలి బలముగా, కాని గోరువెచ్చగా వచ్చుచు, తెరపై 95 కనబడుచున్నచో వేడిమి రెక్కలదాక చేరుటయే లేదు. పేస్టు ఎండినది, లేదా హీట్ పైపు చెడినది. గాలి బలముగాను మిగుల వేడిగాను వచ్చుచున్నచో త్రోవ సక్రమముగా నున్నది, భారమే యధికము. ఏ చప్పుడును లేనిచో ఫ్యానే ఆగిపోయినది. ఉష్ణోగ్రత పెరుగు తీరును గూడ గమనింపవలెను: పని మొదలైన ఒకటి రెండు క్షణములలో 50 నుండి 95కు ఎగబ్రాకి, పని ఆగినంతనే దిగజారినచో లోపము పేస్టుకడ నుండుట సంభావ్యము, నిమిషముల కొలది మెల్లగా నెక్కినచో ధూళికడనో, గాలి త్రోవకడనో వెదుకవలెను. ఈ పరీక్షలను చేసికొని దుకాణమునకు పోవువానికిని, ఊరక వేడెక్కుచున్నదని చెప్పువానికిని లభించు మరమ్మతులో ఎంతో భేద ముండును.

ధూళి పేరుకొను చోటు రెక్కలకు వెలుపల గాదు. ఫ్యానుకును రెక్కలకును నడుమ, కంబళిముక్కవలె దట్టముగా. అందుచే వెలుపలినుండి గాలి కొట్టిన మాత్రమున అది వదలదు. అడుగుమూత విప్పి, ఫ్యాను కప్పు తొలగించి, ఆ పొరను పట్టుకొని యెత్తివేయవలసినదే. ఛార్జరును తీసి, యంత్రమును పూర్తిగా ఆపి, మూత విప్పగానే బ్యాటరీ కనెక్టరును విడదీయుట ప్రథమకర్తవ్యము. గాలి కొట్టునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో కదలకుండ పట్టవలెను, లేనిచో అది మితిమీరిన వేగముతో తిరిగి బేరింగును చెఱచుకొనును. పేస్టు మార్చునపుడు ప్రాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తది కొలదిగా నుంచి, హీట్ సింకు (రాగిరేకు, హీట్ పైపు, రెక్కల కూర్పు)పై ముద్రించిన అంకెల వరుసలో స్క్రూలను కొంచెము కొంచెముగా బిగింపవలెను. ద్రవలోహమని అమ్మునది గాలియము మిశ్రమము; అది విద్యుత్తును ప్రసరింపజేయును, అల్యూమినియమును తినివేయును; గృహస్థుడు దానిజోలికి పోరాదు. చేయి తిరుగనివారు ఈ పనియంతయు నిపుణున కప్పగించుట మేలు. ఎదుట కూర్చుండి చూచుట మఱియు మేలు.

పరుపుమీద, దిండుమీద ల్యాప్‌టాపు నుంచువారు అడుగున గాలి పీల్చు రంధ్రములను తామే మూయుచున్నారు. గట్టి బల్లపై, వెనుకవైపు కొంచెమెత్తి యుంచుట కూలింగు ప్యాడు చేయు మేలులో అధికభాగమును ఉచితముగా నిచ్చును. విండోసు పవర్ ఆప్షన్లలో ప్రాసెసరు గరిష్ఠస్థితిని 99 శాతముగా నిర్ణయించినచో పెక్కు యంత్రములలో టర్బో ఆగిపోయి, వ్రాతపనికి లోపమేమియు తెలియకయే వేడిమి గణనీయముగా తగ్గును. బ్యాటరీని గూర్చి మాత్రము ఉపేక్ష తగదు: టచ్‌ప్యాడు పైకి లేచినను, అడుగు ఉబ్బినను వాడుక మానివేయవలెను; దానిని నొక్కరాదు, పొడువరాదు; మార్పించవలెను.

త్రోవ చక్కబడిన పిదప, ఇంకను మందకొడితనము మిగిలినచో, అప్పుడు భాగముల సంగతి. టాస్క్ మేనేజరులో డిస్కు నూటికి నూరు చూపుచున్నచో హార్డుడిస్కును తీసి ఎస్‌ఎస్‌డి వేయుట, నా యభిప్రాయమున, ప్రాత యంత్రమునకు చేయదగిన మార్పులలో శ్రేష్ఠము. తిరుగుచుండు పళ్లెములపై ఒక చిన్న ఫైలును వెదుకుటకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టగా, ఎస్‌ఎస్‌డికి దానిలో నూఱవ వంతు చాలును. సాటా పద్ధతిది సెకనుకు 550 మెగాబైట్ల వఱకును, ఎన్‌వీఎంఈ పద్ధతిది మూడువేలకు పైగాను చదువును. కాని దినచర్యలో ఈ రెంటికి గల భేదము, హార్డుడిస్కుకును వీనికిని గల భేదమంత యుండదు. ఎస్‌ఎస్‌డి నమర్చు ఎమ్.2 గాటు చూడ నొక్కటియైనను కొన్ని సాటాను మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే గ్రహించును గావున, ఆ మోడలు సర్వీసు పుస్తకమును చూడక కొనరాదు. డిస్కుకై వేచియుండుట తప్పిన ప్రాసెసరు మునుపటికంటె ఎక్కువ పని చేసి ఎక్కువ వేడిమిని పుట్టించును. కనుకనే శుభ్రపఱచుట ముందు, ఎస్‌ఎస్‌డి వెనుక.

మెమొరీ నూటికి 85, 90 వంతులు నిండియున్నచో ర్యామ్ పెంచుట సార్థకము. ర్యామ్ రకములగు డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదానిచోట నొకటి పట్టవు; వోల్టేజిని గూడ సరిచూడవలెను: డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది, డీడీఆర్3 1.5 వోల్టులది. పలుచని యంత్రములలో ర్యామ్ మదర్‌బోర్డుకే టంకము చేయబడి యుండును. వానికి పెంపు లేదు. ప్రాసెసరును మార్చు నాశ దాదాపు అన్నిటను విడువవలసినదే.

ఇంటెల్ ఏడవతరమును, అంతకు ముందువియు నగు ప్రాసెసరులు గల యంత్రములలో అత్యధికభాగము విండోసు 11కు అర్హములు గావు. విండోసు 10కు సాధారణసంరక్షణ 2025 అక్టోబరు 14న ముగిసినది. అట్టివానిపై ఎస్‌ఎస్‌డికి మించి వెచ్చించుట నాకు సమ్మతము గాదు. లినక్సు వేసికొని చదువులకు, వ్రాతకు నిశ్చింతగా వాడుకొనవచ్చును. క్రొత్తది కొనువారు ప్రాసెసరు పేరునే చూచి మోసపోరాదు. అదే పేరు గల ప్రాసెసరును పలుచని పెట్టెలో కొలది వాట్లకును, దళసరి పెట్టెలో అధికమైన వాట్లకును నడుపుదురు. ర్యామ్ గాట్లు కలవా, అడుగుమూత సాధారణమైన స్క్రూలతో విప్పవచ్చునా, గాలి ఏ వైపున వెడలును అని విచారింపవలెను. అరగంట నిరంతరభారము పిదప ఉష్ణోగ్రత యెంతయో తెలుపు సమీక్షలను చదువవలెను. ఆ సమీక్ష 22 డిగ్రీల గదిలో చేయబడినదైనచో, మన మే మాసపు గదికి తగినట్లు మఱియొక 16 మొదలు 18 వఱకు కలుపుకొని, ఆ మొత్తము 100కు ఎంత దూరమున నిలుచునో లెక్కించి కొనవలెను.