అప్పు లెక్కకెక్కితేనే నిబంధన మారుతుంది: సర్వేల్లో రైతు ఇచ్చే సమాచారం విలువ



ఊళ్లోకి ఎవరైనా కాగితాలు పట్టుకుని వచ్చి "మీకు అప్పు ఎంత ఉంది? ఎవరి దగ్గర తెచ్చారు?" అని అడిగితే చాలామంది బ్యాంకు అప్పు మాత్రం చెప్పి ఊరుకుంటారు. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చింది, ఎరువుల దుకాణంలో పెట్టిన ఖాతా, తాకట్టులో ఉన్న బంగారం, బంధువుల దగ్గర చేబదులు నోటికి రావు. పరువు పోతుందని కొందరికి బెరుకు. "చెబితే మాత్రం ఏమొస్తుంది?" అని ఇంకొందరికి విసుగు.

ఆ విసుగులో న్యాయం ఉంది. అయితే అప్పుల్లో చిక్కుకున్నవారికి సాయపడే సంస్థలు ఒక్కో కుటుంబం చెప్పిన వివరాలను పోగుచేసి, వాటి ఆధారంగానే ప్రభుత్వాలను నిబంధనలు మార్చమని అడుగుతాయి. కొన్నిచోట్ల మార్పించాయి కూడా. అది ఎలా జరుగుతుందో, అందులో మీ వంతు ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ప్రభుత్వ లెక్క ఏం చెబుతుంది?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన 77వ విడత సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉంది. దేశం మొత్తం మీద ఇది 50.2 శాతం. ఒక్కో వ్యవసాయ కుటుంబం సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554, తెలంగాణలో రూ.1,52,113, దేశంలో రూ.74,121.

అప్పు ఎంత ఉందో, ఎక్కడి నుంచి తెచ్చారో ఈ సర్వే చెబుతుంది. కానీ బ్యాంకుకు వెళ్లిన రైతు ఏ కాగితం లేక వెనక్కి తిరిగి వచ్చాడో, ఏ నిబంధన అతన్ని వడ్డీ వ్యాపారి దగ్గరికి పంపిందో రాష్ట్ర సగటులో కనబడదు. ఆ ఖాళీని పూరించేది ప్రజల మధ్య పనిచేసే సంస్థల పరిశోధన.

బ్రిటన్‌లో 60 రోజుల ఊరట ఎలా వచ్చింది?

ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్న దేశం బ్రిటన్. అక్కడ స్టెప్‌చేంజ్, సిటిజన్స్ అడ్వైస్ వంటి స్వచ్ఛంద సంస్థలు అప్పుల్లో ఉన్నవారికి ఉచితంగా సలహా ఇస్తాయి. సలహా కోసం వచ్చిన మనిషి ఆదాయం, ఖర్చు, ఎవరికి ఎంత బాకీ, అప్పు ఎందుకు పెరిగింది అనే వివరాలు రాసుకుంటారు. ఆ మనిషికి దారి చూపడానికి రాసుకున్న ఆ వివరాలనే, పేర్లు తీసేసి, వేల కుటుంబాలవి కలిపి చూస్తారు.

అలా చూసినప్పుడు ఒక విషయం పదే పదే బయటపడింది. ఉద్యోగం పోయి లేదా జబ్బు చేసి కష్టంలో పడిన మనిషి సలహా తీసుకుని తేరుకునేలోపే వడ్డీ, జరిమానాలు, వసూలుదారుల ఒత్తిడి మీద పడుతున్నాయి. పాత బాకీ కట్టడానికి కొత్త అప్పు చేస్తున్నాడు. అప్పులున్న ఇళ్లలో పిల్లలు ఎలా నలిగిపోతున్నారో 2014లో స్టెప్‌చేంజ్, చిల్డ్రన్స్ సొసైటీ కలిసి ఒక నివేదికలో చూపించాయి.

సంస్థలు అడిగింది ఒక్కటే: సలహా తీసుకుంటున్న మనిషికి చట్టబద్ధంగా కొంత గడువు ఇవ్వాలి, ఆ గడువులో వడ్డీ, వసూళ్లు ఆపాలి. స్కాట్లాండ్‌లో అప్పటికే ఇలాంటి ఏర్పాటు ఉంది. 2016లో ఒక ఎంపీ దీనిపై పార్లమెంటులో బిల్లు పెట్టారు. 2017 ఎన్నికల్లో అధికార పార్టీ ఆరు వారాల గడువు ఇస్తామని ప్రణాళికలో రాసింది. చివరకు 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో 60 రోజుల ఊరట అమల్లోకి వచ్చింది. ఈ 60 రోజులూ దాని పరిధిలోకి వచ్చే అప్పులపై వడ్డీ, జరిమానాలు, వసూలు చర్యలు ఆగుతాయి. అప్పు మాఫీ కాదు, తేరుకునే సమయం దొరుకుతుంది.

నివేదిక వచ్చిన 2014 నుంచి అమలయ్యేదాకా ఏడేళ్లు పట్టింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి. ఈ రోజు సర్వేలో చెబితే రేపటికి పని అయిపోదు.

వాళ్లు వాడిన పద్ధతి

1. అందరినీ ఒకే ప్రశ్నలు అడగడం. ఒకరిని వడ్డీ గురించి, మరొకరిని పంట గురించి అడిగితే రెండూ కలపడం కుదరదు.
2. కష్టం వెనుక ఉన్న నిబంధనను పట్టుకోవడం. "అప్పులు ఎక్కువైపోయాయి" అంటే ఏ అధికారీ ఏమీ చేయలేడు. "ఫలానా పథకంలో ఫలానా కాగితం అడగడం వల్ల ఇంతమందికి అందలేదు" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.
3. కోరికను ఒక్క వాక్యంలో పెట్టడం. ఏ చట్టంలో ఏ మాట మారాలో స్పష్టంగా చెప్పడం.
4. అంకెతో పాటు మనుషుల అనుభవాన్ని చూపడం. అంకె విస్తృతిని చెబుతుంది, అనుభవం బరువును చెబుతుంది.
5. నిబంధన మారాక కూడా అమలు ఎలా ఉందో మళ్లీ లెక్క తీయడం.

మన కౌలు రైతుల సంగతి

ఇదే పని మన దగ్గరా జరుగుతోంది. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం, రైతుబీమా మొదలయ్యాయి. రెండింటికీ పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం. పొలం కౌలుకు తీసుకుని పెట్టుబడి పెట్టేవాడికి పాసుపుస్తకం ఉండదు. కాబట్టి ఎకరా సాయం గానీ, మరణిస్తే కుటుంబానికి వచ్చే రూ.5 లక్షల బీమా గానీ అతనికి అందలేదు.

అదే ఏడాది రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థుల సాయంతో, తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాల వివరాలు సేకరించింది. వారిలో 75 శాతం మంది కౌలు రైతులని తేలింది. 2022లో అదే వేదిక 34 గ్రామాల్లో 7,744 మంది సాగుదారులను సర్వే చేస్తే 2,753 మంది, అంటే సుమారు 36 శాతం మంది కౌలుకు చేస్తున్నవారు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ గ్రామాల సాగుదారుల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువగా ఉన్న కౌలు రైతులు, ఆత్మహత్యల అధ్యయనంలో నాలుగింట మూడు వంతులు ఉన్నారు. సాయం ఎవరికి అందాలో, పాసుపుస్తకం ఎవరి దగ్గర ఉందో ఆ రెండింటి మధ్య దూరం ఇక్కడ కనిపిస్తుంది.

ఫలితం? కౌలు రైతుకు పెట్టుబడి సాయం అనే మాట 2023 ఎన్నికల హామీల్లోకి ఎక్కింది. కానీ 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా సాయం పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది. హామీ వేరు, ఉత్తర్వు వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న కాలంలోనే లెక్కల అవసరం ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి కొంత భిన్నం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, 11 నెలల ఒప్పందంపై సాగుదారు హక్కు పత్రం ఇస్తోంది. దానికి భూ యజమాని సంతకం కావాలి. ఈ పత్రం వల్ల కౌలుదారుకు భూమిపై ఎలాంటి హక్కూ రాదని చట్టం చెబుతున్నా, సంతకానికి జంకే యజమానులు ఉన్నారు. కాబట్టి "సంతకం దొరకక పత్రం రానివారు మా ఊళ్లో ఇంతమంది" అన్న లెక్కే ఇక్కడ అసలు ఆధారం.

ఒక్క రైతు లెక్క వాదనగా ఎలా మారుతుంది?

లక్ష రూపాయలు పది నెలలకు తీసుకున్నారనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పది నెలలకు వడ్డీ రూ.20,000. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డుపై తీసుకుని గడువులో కడితే, రాయితీ పోను వడ్డీ 4 శాతం. పది నెలలకు సుమారు రూ.3,333. తేడా రూ.16,667.

ఒక రైతు చెబితే ఇది అతని గోడు. ఊళ్లో వందమంది కౌలు రైతులు ఇదే రాసిస్తే ఒక్క ఊరి నుంచి ఏటా రూ.16 లక్షలకు పైగా అదనపు వడ్డీ కింద పోతోందని తేలుతుంది. కౌలు రైతులు, నోటిమాట కౌలుదారులు కూడా కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హులేనని బ్యాంకుల మార్గదర్శకాల్లో ఉంది. 2025 జనవరి నుంచి రూ.2 లక్షల వరకు పంట రుణానికి తాకట్టు అడగరాదనీ ఉంది. అర్హత కాగితం మీద ఉండి చేతికి ఎందుకు అందడం లేదని అప్పుడు గట్టిగా అడగవచ్చు.

లెక్కను నమ్మే ముందు

సంస్థ ఏది చెప్పినా అలాగే నమ్మనక్కర్లేదు. ఆసుపత్రిలో కూర్చుని లెక్కపెడితే లోకమంతా రోగులే అనిపిస్తుంది. సాయం కోసం వచ్చినవారి లెక్క, ఊరందరి లెక్క ఒకటి కాదు. 692 కుటుంబాల అధ్యయనం ఆ కుటుంబాల గురించి చెబుతుంది; రాష్ట్రంలో నాలుగింట మూడు వంతుల మంది కౌలు రైతులేనని దానికి అర్థం కాదు. ఎంతమందిని, ఎప్పుడు, ఎలా ఎంచుకుని అడిగారు, ఖర్చు ఎవరు పెట్టారు అనేది చూడాలి. స్టెప్‌చేంజ్‌కు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం అప్పులిచ్చే సంస్థల నుంచే వస్తుంది. అంతమాత్రాన దాని లెక్క తప్పు కాదు. తెలిసి చదవాలి అంతే.

మీరు రాసుకోవలసినవి

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి అప్పుకూ ఇవి రాయండి:

- తీసుకున్న తేదీ, ఎవరి దగ్గర, అసలు ఎంత, వడ్డీ నూటికి ఎంత
- దేనికోసం: విత్తనం, ఎరువు, బోరు, కౌలు, వైద్యం, చదువు, పెళ్లి
- ఇచ్చిన హామీ: ప్రామిసరీ నోటు, బంగారం, ఖాళీ చెక్కు
- ఆ పంట ఏ సర్వే నంబరులో, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, కౌలు ఎంత
- దిగుబడి, అమ్మిన ధర, ఎవరికి అమ్మారు
- కట్టిన ప్రతి వాయిదా, దాని రశీదు
- బ్యాంకుకు వెళ్తే ఏ తేదీన వెళ్లారు, ఏం అడిగారు, ఎందుకు ఇవ్వలేదన్నారు

చివరిది అన్నిటికంటే ముఖ్యం. రుణ దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. నోటిమాటగా వెనక్కి పంపితే ఏ లెక్కలోకీ రాదు.

సమాచారం ఇచ్చేముందు

వచ్చినవారు ఎవరు, ఏ సంస్థ, దేనికి వాడతారో అడగండి. పేరు బయటపెట్టరని మాట తీసుకోండి. చెప్పడం ఇష్టం లేని ప్రశ్నకు జవాబు ఇవ్వనక్కర్లేదు. ఓటీపీ, ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పకండి. ఖాళీ కాగితంపై సంతకం, వేలిముద్ర వేయకండి. "ఈ సర్వేలో పేరు రాయిస్తే అప్పు మాఫీ అవుతుంది" అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం. అప్పును ఉన్నదానికంటే ఎక్కువ చేసి కూడా చెప్పకండి. ఒక్క తప్పు అంకె దొరికితే మిగతా తొంభై తొమ్మిది మంది మాటను పక్కన పెట్టేస్తారు.

ఊరి స్థాయిలో ఏం చేయవచ్చు?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదులో సాగు చేస్తున్నవారి పేరే ఉండేలా రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. తెలంగాణలో రైతు వేదిక సమావేశాల్లో ఈ విషయం లేవనెత్తండి. పది పదిహేను మంది కౌలు రైతులు కలిసి ఒకే నమూనాలో వివరాలు రాసి గ్రామసభలో ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

సమాచార హక్కు చట్టం 2005 కింద స్వల్ప రుసుముతో, "మా మండలంలో ఈ ఏడాది ఎన్ని సాగుదారు హక్కు పత్రాలు ఇచ్చారు?" అని తహసీల్దారు కార్యాలయాన్ని, "వారిలో ఎంతమందికి పంట రుణం ఇచ్చారు?" అని ప్రభుత్వ రంగ బ్యాంకును అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ మండలం నివేదిక.

అప్పుల ఒత్తిడితో మనసు కుంగిపోతుంటే ఒంటరిగా భరించకండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సాగు సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.

ఈ సీజన్‌లో తీసుకున్న మొదటి అప్పు నుంచే పుస్తకం మొదలుపెట్టండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రాయడం వారికి అప్పగించండి.