బోరు నీరు - పగులుతున్న ఇంజన్ హెడ్లు

దేశంలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటైన అనంతపురం జిల్లాలో ట్రాక్టరు దుక్కికే పరిమితం కాదు. వేసవిలో తాగునీటి ట్యాంకరును లాగేది కూడా అదే. దాని 'హెడ్డు పగిలితే' రైతుకు బాడుగ పోవడమే గాక, బిందెలతో ఎదురుచూసే వీధికి నీరు ఆగిపోతుంది.

సిలిండర్ హెడ్ ఇంజన్‌కు పైకప్పు వంటి పోత ఇనుప దిమ్మె. ఇంధనం మండే వేళ దాని అడుగున వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్‌ను సైతం దాటుతుంది. పలుచని గోడకు అవతలే చల్లబరిచే నీరు ప్రవహిస్తుంటుంది. వేడెక్కిన లోహం వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని లోహం కదలనీయదు. ఆ ఒత్తిడికి అది లోలోపలే కొద్దిగా నలుగుతుంది. ఇంజన్ ఆపి చల్లారాక అదే భాగం లాగుడుకు గురవుతుంది. పోత ఇనుము నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోలేదు. ఇది వేలసార్లు జరిగిన మీదట, సాధారణంగా రెండు వాల్వుల మధ్యనున్న సన్నని పట్టీలో, వెంట్రుకంత చీలిక మొదలవుతుంది. ఏ హెడ్డూ శాశ్వతం కాకపోయినా, అకాలంగా పగలడానికి నిర్వహణ లోపాలే చాలావరకు కారణం.

వీటిలో రేడియేటర్‌లో బోరు నీరు పోయడం ముఖ్యమైనది. జిల్లాలోని అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. ఫ్లోరైడ్ మనిషి ఎముకలకు చేసే హాని తెలిసినదే. ఇంజన్‌ను బాధించేవి మాత్రం ఈ లవణాలు. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని సున్నపు పొరే హెడ్డులోని నీటిదారుల్లోనూ పేరుకుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఈ పొర వేడిని ప్రసరింపజేసే శక్తి ఎన్నో రెట్లు తక్కువ. అందువల్ల రేడియేటర్ నిండుగా ఉన్నా, మీటరు ముల్లు మామూలుగానే ఉన్నా, ఆ సన్నని పట్టీ మాడుతూనే ఉంటుంది.

వేరుశనగ నూర్పిడి కాలంలో ట్రాక్టరు గంటల తరబడి నిలిచినచోటనే పనిచేస్తుంది. పొట్టు, దుమ్ము రేడియేటర్ జాలీని మూసివేసి ఇంజన్ మరుగుతుంది. అప్పుడు చన్నీళ్లు గుమ్మరిస్తే ఏళ్ల తరబడి జరగవలసిన నష్టం క్షణాల్లో జరిగిపోవచ్చును. పూర్తిగా చల్లారేవరకు ఆగడమే మేలు.

బయట కారకుండానే నీరు తగ్గినా, రేడియేటర్‌లో బుడగలు వచ్చినా, ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లబారినా బండిని నడపరాదు. గుత్తి డీజిల్ లోకో షెడ్‌కు చిరపరిచితమైన ఆల్కో ఇంజన్‌లో 16 సిలిండర్లకు 16 విడి హెడ్లుంటాయి. పగిలిన ఒక్కదానినే మార్చవచ్చును. అన్ని సిలిండర్లకు ఒకే హెడ్డున్న ట్రాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. పోత ఇనుముకు వేసిన వెల్డింగు నిలుస్తుందన్న భరోసా కూడా తక్కువే.

డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ శ్రేష్ఠం. ఎంతటి కరువు సీమలోనైనా రేడియేటరుకు చాలినంత వాననీరు పట్టి ఉంచుకోవడం అసాధ్యం కాదు. అత్యవసర వేళ బోరు నీటి కన్నా అది నయం. ట్రాక్టర్ల నిర్వహణపై గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకు శిక్షణ ఇస్తుంది.