బల్లపై మధ్యయుగ స్పెయిన్: బొమ్మల సైన్యానికి చరిత్రే కొలబద్ద

కాస్టీల్ రాజు ఆరో అల్ఫోన్సో 1081లో రోడ్రిగో దియాజ్ డి వివార్ అనే యోధుణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టారు. క్రైస్తవుడైన రోడ్రిగో జరగోజా ముస్లిం పాలకుల కొలువులో చేరారు. మరుసటి ఏడాది అల్మెనార్ వద్ద వారి పక్షాన పోరాడి, బార్సిలోనా క్రైస్తవ ప్రభువును బందీగా పట్టుకున్నారు. 1094లో వాలెన్సియాను స్వాధీనం చేసుకుని, 1099లో మరణించే వరకు ఏలారు. చరిత్రలో ఆయన నిలిచిన పేరు 'ఎల్ సిద్'. ప్రభువు అనే అర్థం గల అరబిక్ మాట నుంచి పుట్టిన బిరుదు అది.

చిన్న చిన్న సైనిక బొమ్మలతో బల్లపై పాతకాలపు యుద్ధాలను ఆడుకునే 'వార్‌గేమింగ్' అభిరుచి గలవారికి ఈ జీవితం ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. ఎల్ సిద్ బొమ్మను ఏ పక్షాన నిలబెట్టాలి? మధ్యయుగ స్పెయిన్ సైన్యాన్ని కూర్చుకోదలచినవారు ఎదుర్కొనే చిక్కులన్నీ ఈ ప్రశ్నలోనే ఉన్నాయి.

బల్లమీది యుద్ధం

19వ శతాబ్ది ఆరంభంలో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు 'క్రీగ్‌స్పీల్' అనే యుద్ధ క్రీడను వినియోగించుకుంది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో వెలువరించిన 'లిటిల్ వార్స్' పుస్తకం బొమ్మ సైనికులతో ఆడే పోరుకు నియమాలు కూర్చి, దానిని సామాన్యుల ఇళ్లకు చేర్చింది. నేటి నియమావళుల్లో ఒకటైన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' 1990లో బ్రిటన్‌లో వెలువడింది. అందులో సైన్యం అంటే 12 దళాలు మాత్రమే. ఒక్కో దళానికి ఒక పీఠిక, దానిపై సాధారణంగా రెండు నుంచి నాలుగు బొమ్మలు ఉంటాయి. కాబట్టి నలభై బొమ్మలతోనే ఒక పక్షం సిద్ధమవుతుంది. బొమ్మలు కొన్నే కనుక ప్రతి బొమ్మ ఎంపికా ముఖ్యమే.

ముందుగా తేల్చుకోవలసింది ఏడాది

'మధ్యయుగ స్పెయిన్' అన్న రెండు మాటల్లో దాదాపు ఎనిమిది శతాబ్దాలు ఇమిడి ఉన్నాయి. 711లో తారిఖ్ సేనలు జలసంధి దాటి వచ్చాయి. 1492లో గ్రెనడా లొంగిపోయింది. ఈ రెండు సంవత్సరాల నడుమ ఆయుధాలు, కవచాలు, గుర్రపు స్వారీ పద్ధతులు పలుమార్లు మారాయి. అందుచేత బొమ్మలు కొనకముందే ఒక యుద్ధాన్ని, ఒక సంవత్సరాన్ని నిర్ణయించుకోవడం మేలు.

1086 నాటి సగ్రాహాస్ యుద్ధాన్ని ఎంచుకుంటే కాస్టీల్ అశ్వికులకు ఉక్కు వలయాల కవచం, ముక్కుకు అడ్డుపట్టీ ఉన్న కొనదేలిన శిరస్త్రాణం, పొడవాటి బాదం ఆకారపు డాలు కావాలి. ఎదుటి పక్షంలో ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్‌లు ముఖాలకు ముసుగు కట్టుకుని, నగారాలు మోగిస్తూ నిలుస్తారు. వారి పక్కన స్పెయిన్ గడ్డమీది ముస్లిం రాజ్యాల సేనలు ఉంటాయి.

1212 నాటి లాస్ నవాస్ డి తొలోసా యుద్ధానికి వచ్చేసరికి కవచం మీద వేసుకునే వస్త్రపు అంగీలు, ముఖాన్ని మూసే శిరస్త్రాణాలు కనిపిస్తాయి. కాస్టీల్, అరగాన్, నవార్ రాజులు ముగ్గురూ ఒకే పక్షాన నిలిచిన పోరు అది. తెల్లని వస్త్రంపై ఎర్రని ఖడ్గపు శిలువ ధరించే శాంటియాగో సంఘం యోధులు, కలత్రావా సంఘం యోధులు కూడా ఉండాలి. పిరనీస్ పర్వతాల అవతలి నుంచి వచ్చిన విదేశీ యోధుల్లో అత్యధికులు మాత్రం యుద్ధానికి ముందే వెనుదిరిగారు. ఫ్రెంచి యోధుల బొమ్మలు ఎక్కువగా కొంటే ఆ డబ్బు వృథాయే.

1367 నాటి నహెరా యుద్ధం దీనికి భిన్నం. కాస్టీల్ సింహాసనం కోసం పెద్రో, ఎన్రికే అనే సవతి సోదరులు తలపడ్డారు. పెద్రోకు అండగా ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్ విలుకాండ్రతో వచ్చారు. ఎన్రికే వెంట ఫ్రెంచి సేనాని బెర్ట్రాండ్ డు గెస్‌క్లిన్ ఉన్నారు. నూరేళ్ల యుద్ధం కోసం తయారైన ఆంగ్లేయ, ఫ్రెంచి బొమ్మలు ఇక్కడ నిస్సంకోచంగా పనికివస్తాయి.

రికాబు చెప్పే చరిత్ర

స్పెయిన్ సైన్యానికి ప్రత్యేకతను తెచ్చేది తేలికపాటి అశ్వికుడు. అతని పేరు 'హినేతె'. ఉత్తర ఆఫ్రికాకు చెందిన జనాతా తెగ పేరు నుంచి ఆ మాట వచ్చింది. బరువైన కవచధారి పొడవాటి రికాబుల్లో కాళ్లు నిటారుగా చాపి కూర్చుంటే, హినేతె పొట్టి రికాబుల్లో మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. దూరం నుంచి ఈటెలు విసిరి, తిరిగి తప్పుకుంటాడు. చేతిలో 'అదర్గా' అనే తోలు డాలు ఉంటుంది. ముస్లిం సేనల్లో పుట్టిన ఈ పద్ధతిని కాస్టీల్ తనదిగా చేసుకుంది.

అరువు ఒకవైపే సాగలేదు. 13వ శతాబ్దంలో గ్రెనడా అశ్వికులు క్రైస్తవుల తరహా బరువైన కవచాలు, పొడవాటి బల్లేలు వాడారు. తర్వాతి కాలంలో వాటిని వదిలి తేలికపాటి సరంజామాకు మళ్లారు. ఆ మార్పును 14వ శతాబ్దపు గ్రెనడా పండితుడు ఇబ్న్ అల్ ఖతీబ్ నమోదు చేశారు.

కాబట్టి ఒకే హినేతె బొమ్మ కొద్దిపాటి రంగుల తేడాతో ఇరుపక్షాలకూ పనికివస్తుంది. కానీ పశ్చిమాసియా యుద్ధాల కోసం చేసిన తురుష్క విలుకాండ్ర బొమ్మలను 'ముస్లిం సైన్యం' అన్న పేరు చూసి కొంటే పొరపాటే. గుర్రంపై నుంచి బాణాలు వేసే సంప్రదాయం స్పెయిన్‌లో అంతగా వేళ్లూనుకోలేదు. పేటికపై రాసిన పేరును కాక, బొమ్మ ధరించిన దుస్తులను, కూర్చున్న తీరును చూసి ఎంచుకోవాలి.

కలపడంలో మెలకువలు

మధ్యయుగ స్పెయిన్‌కు కావలసిన బొమ్మలన్నీ ఒకే తయారీదారు వద్ద దొరకడం అరుదు. అందుకే వేర్వేరు చోట్ల కొన్నవాటిని కలపక తప్పదు. 28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు అన్నవి ఎక్కువగా వినిపించే కొలతలు. అయితే కొందరు బొమ్మ పాదం నుంచి కంటి వరకు కొలిస్తే, మరికొందరు తల పైభాగం వరకు కొలుస్తారు. ఒకే కొలత రాసి ఉన్న రెండు బొమ్మలు పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా కాక తండ్రీకొడుకుల్లా కనిపించవచ్చు.

ఎత్తులో తేడాను సరిచేయడం సులువు. పొట్టి బొమ్మ కింద పలుచని అట్టముక్క అతికిస్తే సరిపోతుంది. తల, అరచేతులు, ఆయుధాల మందంలో తేడా ఉంటే మాత్రం దాచడం కష్టం. అందుచేత మొదట ఒకటి రెండు బొమ్మలే తెప్పించుకుని, పోల్చి చూశాక మిగిలినవి కొనడం వివేకం. తేడా స్పష్టంగా ఉన్నవాటిని వేర్వేరు దళాల్లో ఉంచాలి. ఒక దళంలోని గుర్రాలన్నీ ఒకే తయారీవైతే రౌతుల్లోని తేడా అంతగా కంటికి ఆనదు. అరగాన్‌కు చెందిన 'అల్మొగావర్' కాలిబంటు దళాల్లో మాత్రం రకరకాల బొమ్మలు కలిసినా ఇబ్బంది లేదు. తోలు దుస్తులతో, ఈటెలతో తిరిగే ఆ సరిహద్దు యోధులకు ఒకే తీరు దుస్తులు లేవు.

చివరగా అన్ని పీఠికలకూ ఒకే మందం, ఒకే మట్టి రంగు, ఒకే రకం ఎండుగడ్డి వాడితే సైన్యమంతా ఒకే నేలపై నడుస్తున్నట్టు కనిపిస్తుంది. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు. ఆకురాయితో అరగదీసేటప్పుడు రజను పీల్చకుండా చూసుకోవాలి. పని ముగిశాక చేతులు కడుక్కోవాలి. చిన్న పిల్లలకు అందకుండా ఉంచాలి.

బొమ్మ చెప్పే కథ

రంగులు వేయడానికి ఆధారం కోరేవారు 13వ శతాబ్దంలో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో ఆస్థానంలో సిద్ధమైన 'కాంతిగాస్ డి శాంతా మారియా' చిత్రాలను చూస్తారు. ఇరుపక్షాల డాళ్లు, పతాకాలు, గుర్రపు సామగ్రి ఆ పుటల్లో ఉన్నాయి.

ఒకవైపు శిలువలన్నీ, మరోవైపు నెలవంకలన్నీ పేర్చితే బల్ల చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది జరిగిన చరిత్ర కాదు. 1195లో అలార్కోస్ వద్ద కాస్టీల్‌ను ఓడించిన అల్మొహాద్ సైన్యంలో పెద్రో ఫెర్నాండెజ్ డి కాస్త్రో అనే కాస్టీల్ ప్రభువు ఉన్నారు. 1212లో మత యుద్ధం చేసి గెలిచిన అరగాన్ రాజు రెండో పెద్రో, మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని మ్యురే వద్ద మత యోధుల సైన్యంతోనే పోరాడి మరణించారు. ఆ బల్ల ముందు నిలిచిన పిల్లవాడు పాఠ్యపుస్తకం తెరవకముందే ఒక చరిత్రను నేర్చుకుంటాడు. అతను నేర్చుకునేది మతాల మధ్య గీసిన సరళరేఖనా, మనుషులు అటూ ఇటూ దాటిన సరిహద్దునా అన్నది బొమ్మలు పేర్చిన పెద్దల చేతిలో ఉంది.

పదో అల్ఫోన్సోయే 1283లో ఆటల గురించి ఒక సచిత్ర గ్రంథం పూర్తి చేయించారు. అందులో ప్రధాన స్థానం చదరంగానిది. భారతదేశపు చతురంగం పర్షియా, అరబ్ దేశాల మీదుగా స్పెయిన్‌కు చేరింది. ఐమూలగా కదిలే పావును స్పానిష్ భాషలో నేటికీ 'అల్ఫిల్' అంటారు. అది ఏనుగును సూచించే అరబిక్ మాట. ఆ గ్రంథంలోని ఒక చిత్రంలో గుడారం నీడన ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు ఎదురెదురుగా కూర్చుని చదరంగం ఆడుతున్నారు.